జిల్లా కోర్టు న్యాయవాదికి కృత్రిమ మేధ: కేసు కట్ట విప్పినప్పటి నుంచి దాఖలు చేసే దాకా

చాట్‌జీపీటీ, జెమినై, క్లాడ్ వంటి కృత్రిమ మేధ (ఏఐ) సాధనాలు న్యాయవాదుల ఆఫీసుల్లోకి ఇప్పటికే వచ్చేశాయి. వాటిని వాడవచ్చునా, వాడకూడదా అన్న చర్చ కంటే ఏ పనికి వాడాలి, వాడిన తర్వాత ఏమేమి సరిచూసుకోవాలి అన్నదే ఇప్పుడు జూనియర్లకు అవసరమైన విషయం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లా కోర్టుల్లో సివిల్, క్రిమినల్ కేసులు నడిపే న్యాయవాదిని దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని రాస్తున్నాను. దీనికంతటికీ మూలమైన నియమం ఒక్కటే: మీ చేతిలో ఉన్న కాగితాల మీద ఏఐ చేత పని చేయించండి, మీరు చదవని తీర్పును, మీరు తెరిచి చూడని సెక్షనును దాని మాట మీద స్వీకరించకండి.

ఈ నియమం ఎందుకో తెలియాలంటే ఈ సాధనం పనిచేసే తీరు కొంత తెలియాలి. ఇది కోట్ల కొద్దీ పేజీల పాఠాన్ని చదివి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్చుకున్న నమూనా. తీర్పుల పేర్లు ఎలా ఉంటాయో, సైటేషను (తీర్పు ఏ సంపుటంలో, ఏ పేజీలో ఉందో చెప్పే సూచన) ఏ రూపంలో రాస్తారో, న్యాయమూర్తులు ఏ ధోరణిలో వాక్యం నడుపుతారో దానికి బాగా తెలుసు. అందువల్ల అసలు లేని తీర్పును కూడా వాది పేరు, సంవత్సరం, సంపుటం, పేజీ సంఖ్యలతో సహా నమ్మేటట్టు రాయగలదు. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం దానికి ఉండదు. తనకు తెలియదన్న సంగతే చాలాసార్లు దానికి తెలియదు. అదే సాధనానికి మీరు 80 పేజీల చార్జిషీటును ఇచ్చి అందులో ఏముందో చెప్పమంటే, ఆధారం ముందే ఉంటుంది కాబట్టి పొరపాట్లు బాగా తగ్గుతాయి, చేసిన పొరపాటును మీరు పేజీ తిప్పి పట్టుకోగలుగుతారు.

కాగితం ఇచ్చే ముందు

కక్షిదారు మీకు చెప్పిన మాట మీ దగ్గరే ఉండాలి. పాత సాక్ష్య చట్టంలో 126వ సెక్షనుగా ఉన్న ఈ బాధ్యత ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షనులో ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు కూడా దీన్ని ఉల్లంఘించకూడదని విడిగా చెబుతున్నాయి. ఉచితంగా దొరికే ఒక వెబ్ సేవలో కక్షిదారు కాగితాలు అతికించడమంటే ఆ కాగితాలను ఎక్కడో ఉన్న ఒక కంపెనీ కంప్యూటర్లకు పంపడమే. కాబట్టి మొదట ఆ సేవ అమరికల్లోకి వెళ్లి, మీరిచ్చిన పాఠాన్ని నమూనా శిక్షణకు వాడుకునే వీలును ఆపివేయండి. ఆపే వీలు లేని సేవనైతే కేసు పనికి వాడవద్దు.

ఆ తర్వాత పేర్లు తీసివేయండి. వాదిని వా-1 అని, ప్రతివాదులను ప్ర-1, ప్ర-2 అని, సాక్షులను సా-1, సా-2 అని మార్చి, ఎవరు ఎవరో తెలిపే చీటీని మీ ఫైలులో పెట్టుకోవాలి. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు, ఇంటి చిరునామా పూర్తిగా కొట్టివేయాలి. స్కాన్ చేసిన కాగితమైతే నల్ల గీత గీస్తే చాలదు. కొన్ని పీడీఎఫ్‌లలో ఆ గీత కింద అక్షరాలు అలాగే ఉంటాయి కాబట్టి, కొట్టివేసిన పేజీని తిరిగి బొమ్మగా మార్చి అప్పుడు ఎక్కించాలి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లోనూ, బాధితురాలి గుర్తింపును బయటపెట్టడాన్ని భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను నిషేధించే నేరాల్లోనూ, నా మట్టుకు నేను పేర్లు తీసినా సరే ఒక్క పేజీ కూడా బయటి సేవకు ఇవ్వకూడదనే అంటాను. చిన్న ఊళ్లో వీధి పేరు, బడి పేరు, తండ్రి వృత్తి తెలిస్తే చాలు, పిల్ల ఎవరో తెలిసిపోతుంది.

తేదీల పట్టికతో మొదలుపెట్టండి

ఏఐ చేత చేయించదగిన మొదటి పని, అన్నిటికంటే ఎక్కువ ప్రయోజనం ఉన్న పని, తేదీల పట్టిక. ప్లైంటు (వాది దావా పత్రం), రిటన్ స్టేట్‌మెంటు (ప్రతివాది జవాబు), నోటీసులు, దస్తావేజుల నకళ్లు అన్నీ ఇచ్చి ఇలా అడగండి:

"కింద ఇచ్చిన కాగితాల్లో ఉన్న సంగతులను మాత్రమే ఆధారంగా తీసుకుని తేదీల వరుసలో పట్టిక తయారు చేయండి. ప్రతి తేదీ పక్కన ఆ సంగతి ఏ పత్రంలో, ఏ పేజీలో ఉందో రాసి, ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఎత్తి చూపండి. ఒకే సంఘటనకు రెండు పత్రాల్లో వేర్వేరు తేదీలు ఉంటే రెండూ చూపండి. ఏది సరైనదో మీరు నిర్ణయించవద్దు. కాగితాల్లో లేని తేదీని ఊహించవద్దు, లేదని రాయండి."

ఈ అభ్యర్థనలో ప్రాణమంతా పేజీ సంఖ్య, మూల వాక్యం అడగడంలో ఉంది. అవి లేకుండా వచ్చిన పట్టికను సరిచూడాలంటే మీరు కట్టంతా మళ్లీ చదవాలి. అవి ఉంటే ఒక్కో వరుసకు ఒక్కో పేజీ తిప్పితే సరిపోతుంది. తేదీల్లో తేడాలను ఏఐ తేల్చకూడదని ఎందుకు అంటున్నానంటే, ఆ తేడాయే చాలాసార్లు మీ క్రాస్ ఎగ్జామినేషనుకు మూలమవుతుంది. దాన్ని ఏఐ సర్ది చదును చేస్తే మీకు కనిపించకుండానే పోతుంది.

గడువుల లెక్క మాత్రం మీ చేత్తో మీరే వేసుకోవాలి. చెక్కు బౌన్సు కేసునే తీసుకోండి. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి, నోటీసు అందిన తర్వాత చెల్లింపుకు 15 రోజులు, ఆ గడువు దాటి వ్యాజ్య కారణం ఏర్పడిన ఒక నెలలోగా ఫిర్యాదు. మొదటి రెండు చోట్లా చట్టం రోజులు చెప్పింది, మూడో చోట నెల అంది. నెల అంటే క్యాలెండరు నెల. ఏఐ దాన్ని కూడా 30 రోజులుగా లెక్కగట్టి ఇవ్వడం మామూలే.

వాంగ్మూలాలు, దస్తావేజులు

మన కోర్టుల్లో ఏఐకి అసలు పరీక్ష భాష దగ్గర ఎదురవుతుంది. పోలీసులు నమోదు చేసిన వాంగ్మూలాలు, దస్తావేజులు, పంచనామాలు తెలుగులో ఉంటాయి. హైకోర్టులో వేసే పిటిషనుకు వాటి ఇంగ్లీషు అనువాదం కావాలి. ముసాయిదా అనువాదం ఏఐ నిమిషాల్లో ఇస్తుంది, ఆ మేరకు అది నిజంగా పెద్ద సాయం. సుప్రీంకోర్టు కూడా 2019 నవంబరులోనే సువాస్ అనే అనువాద సాఫ్ట్‌వేరును ప్రారంభించింది. అయితే ముసాయిదాను ముసాయిదాగానే చూడాలి. ఎక్కడ తప్పులు దొర్లుతాయో ముందే తెలిస్తే చూపు అక్కడే నిలపవచ్చు.

తెలుగు వాక్యంలో కర్తను చెప్పకుండా వదిలేయడం మనకు సహజం. "ఏ-2 కర్ర తీసుకుని వచ్చినాడు. ఏ-1 పట్టుకోగా తల మీద కొట్టినాడు" అన్న వాంగ్మూలం (ఏ-1, ఏ-2 అంటే ఒకటో, రెండో నిందితులు) చదివిన మనకు కొట్టినది ఏ-2 అని సందర్భాన్ని బట్టి అర్థమవుతుంది. ఇంగ్లీషులో కర్త లేకుండా వాక్యం నిలవదు కాబట్టి ఏఐ ఎవరో ఒకరిని అక్కడ నిలబెడుతుంది, దగ్గరలో ఉన్న పేరు ఏ-1 గనుక ఆ దెబ్బ ఏ-1 చేతికి వెళ్లిపోవచ్చు. ఎవరు పట్టుకున్నారు, ఎవరు కొట్టారు అన్నదాని మీదే బెయిలు నిలిచే కేసులో ఇది చిన్న పొరపాటు కాదు. అందుకని అనువాదం అడిగేటప్పుడే, మూలంలో కర్త లేని ప్రతి చోటా చతురస్ర బ్రాకెట్లలో గుర్తు పెట్టమని చెప్పి, ఆ గుర్తులన్నిటినీ మీరే ఒక్కొక్కటిగా పూరించుకోవాలి.

భాగపరిష్కారపు దావాల్లో బంధుత్వాలు ఇలాగే జారిపోతాయి. మేనమామకూ చిన్నాన్నకూ ఇంగ్లీషులో ఒకే మాట వస్తే చాలు, ఉమ్మడి కుటుంబంలో వాటా ఉన్నవాడెవరో లేనివాడెవరో తెలియకుండా పోతుంది. వంశవృక్షాన్ని మీరు గీసి ఏఐకి ఇవ్వాలే గాని, దాన్ని గీయమని అడగకూడదు.

భూమి కొలతలను ఇంకా జాగ్రత్తగా చూడాలి. తెలంగాణ పహాణీలో ఎ. 2-20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఆంధ్ర ప్రాంతపు దస్తావేజులో ఎ. 2-20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. ఏఐ రెండింటినీ 2.20 ఎకరాలని రాస్తే మొదటి కక్షిదారు 30 సెంట్లు, అంటే 1,452 చదరపు గజాలు, కాగితం మీదే పోగొట్టుకుంటాడు. షెడ్యూలులోని విస్తీర్ణం, సర్వే నంబరు, ఉపవిభాగం, నాలుగు హద్దులు ఏఐ టైపు చేసినవైతే అసలు దస్తావేజు పక్కన పెట్టుకుని మరో మనిషి బిగ్గరగా చదువుతుండగా సరిచూడండి. మన గుమస్తాలు ఏనాటి నుంచో పాటిస్తున్న పద్ధతే ఇది, దీన్ని మానుకోవలసిన అవసరం ఇప్పుడూ రాలేదు.

సాక్షి క్రాస్‌కు సిద్ధమయ్యేటప్పుడు పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలాన్నీ, కోర్టులో చెప్పిన ముఖ్య విచారణనూ పక్కపక్కన పెట్టి తేడాలు చూపమంటే ఏఐ చక్కగా చేస్తుంది. భారతీయ సాక్ష్య అధినియమం 148వ సెక్షను ప్రకారం సాక్షిని ఖండించాలంటే ఏ భాగంతో ఖండిస్తున్నారో ఆ భాగాన్నే సాక్షి దృష్టికి తేవాలి కాబట్టి, ఇక్కడా మూల వాక్యాలనే అడగండి, సారాంశాన్ని కాదు. విడిచిపెట్టిన సంగతులను వేరే పట్టికగా అడగండి. వచ్చిన వాటిలో ఏది అడగాలి, ఏది అడగకుండా వదలాలి అన్నది మాత్రం సాక్షిని ఎదురుగా చూసే మనిషే తేల్చుకోవాలి.

తీర్పుల సంగతి

ఇక అసలు ప్రమాదం ఉన్న చోటికి వద్దాం. 2023 జూన్‌లో న్యూయార్కులోని ఫెడరల్ జిల్లా కోర్టు మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో ఇద్దరు న్యాయవాదుల మీద, వారి సంస్థ మీద కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. విమానంలో వడ్డించే బండి మోకాలికి తగిలిందని ఒక ప్రయాణికుడు వేసిన దావాలో వారు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను ఉదహరించారు, అవి అసలు లేనే లేవు. ఆ తీర్పులు నిజమైనవేనా అని వారిలో ఒకరు అదే చాట్‌జీపీటీని అడిగితే నిజమైనవేనని అది జవాబిచ్చింది. న్యాయమూర్తి కెవిన్ కాస్టెల్ ముఖ్యంగా తప్పుపట్టింది, కోర్టు ప్రశ్నించిన తర్వాత కూడా వారు వెంటనే ఒప్పుకోకుండా ఆ తీర్పులనే పట్టుకుని ఉండటాన్ని. మన దగ్గర, బెంగళూరులోని ఆదాయపు పన్ను అప్పీళ్ల ట్రైబ్యునల్ 2024 డిసెంబరులో ఇచ్చిన ఒక ఉత్తర్వులో లేని తీర్పులు చేరాయని తెలిసి దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అంతకుముందే, 2023 ఆగస్టులో, ఢిల్లీ హైకోర్టు ఒక ట్రేడ్‌మార్కు కేసులో చాట్‌జీపీటీ జవాబులు న్యాయనిర్ణయానికి ఆధారం కాలేవని స్పష్టం చేసింది.

కాబట్టి తీర్పును ఏఐని అడగవలసి వస్తే, దాని జవాబును వెతకడానికి ఒక దారిగా మాత్రమే తీసుకుని, ఈ వరుసలో సరిచూడండి. మొదట తీర్పు ఉందో లేదో చూడాలి. సుప్రీంకోర్టు తీర్పులకు ఈ-ఎస్‌సీఆర్ అనే ఆన్‌లైన్ సంకలనం 2023 నుంచి ఉచితంగా అందుబాటులో ఉంది. హైకోర్టు తీర్పులకు ఆయా హైకోర్టుల వెబ్‌సైట్లు, ఈ-కోర్ట్స్ తీర్పుల శోధన ఉన్నాయి. పేరుతో ఒకసారి, సైటేషనుతో మరోసారి విడివిడిగా వెతకండి, ఎందుకంటే నిజమైన పేరుకు వేరే తీర్పు సైటేషను అతికిన సందర్భాలు పూర్తిగా కల్పితమైన వాటికంటే పట్టుకోవడం కష్టం. తీర్పు దొరికాక ఏఐ చెప్పిన పేరాను తెరిచి చదవాలి. ఆ పేరాలో ఉన్నది న్యాయమూర్తి నిర్ణయమా, ఒక పక్షం న్యాయవాది వాదనను తీర్పులో తిరిగి చెప్పినదా అన్నది గమనించండి. పైకి ఒకేలా కనిపించే ఈ రెండింటినీ ఏఐ తరచుగా కలిపేస్తుంది. చివరగా ఆ తీర్పు నేటికీ నిలిచి ఉందో లేదో చూడాలి.

ఈ చివరి మెట్టు దగ్గరే ఎక్కువ మంది ఆగిపోతారు, కాబట్టి ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా ఉందా అని ఏఐని అడిగారనుకోండి. హిందూ వారసత్వ చట్టానికి కేంద్ర సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే ఉందని ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి తీర్పును చూపించవచ్చు. ఆ తీర్పు నిజంగా ఉంది, సుప్రీంకోర్టుదే, సైటేషనూ సరిపోతుంది. కాని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ వర్సెస్ రాకేశ్ శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చి, కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదనీ, తండ్రి ఆ తేదీకి బతికి ఉండనక్కర లేదనీ చెప్పింది. ఇక్కడితో కూడా మన పని పూర్తి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేటట్టు 29-ఏ సెక్షనును చేర్చి, ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లను మినహాయించి మిగిలినవారికి సమాన వాటా ఇచ్చింది. దేశమంతటికీ కలిపి జవాబు చెప్పే ఏఐ మన రాష్ట్ర సవరణను ఎత్తకుండానే సమాధానం ముగించే అవకాశం ఎక్కువ. పాత దావాల్లో, పాత విభజనల్లో ఆ సవరణే కేసుకు ఆయువుపట్టు కావచ్చు.

భూమి రికార్డుల విషయంలో కూడా రెండు రాష్ట్రాలను కలిపేయడం మామూలు. 1971 నాటి హక్కుల రికార్డు చట్టం ఆంధ్రప్రదేశ్‌లో కొనసాగుతుండగా, తెలంగాణలో దాని స్థానంలో 2020 చట్టం, దాని తర్వాత 2025లో భూభారతి చట్టం వచ్చాయి. ప్రశ్నలోనే రాష్ట్రం పేరు, సంఘటన జరిగిన సంవత్సరం రాయకపోతే జవాబు ఎవరికీ చెందకుండా వస్తుంది.

క్రిమినల్ పనిలో 2024 జూలై 1 అనే తేదీని, కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చిన రోజును, బల్ల మీద రాసి పెట్టుకోవడం మంచిది. ఏఐ నేర్చుకున్న పాఠంలో అత్యధిక భాగం పాత చట్టాల కాలానిది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 482వ సెక్షను హైకోర్టుకున్న సహజాధికారం, ఎఫ్‌ఐఆర్ కొట్టివేయమని వేసే పిటిషన్లన్నీ దాని కిందే వచ్చేవి. దాని స్థానంలో వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో అదే 482 ముందస్తు బెయిలుది. సహజాధికారం 528కి వెళ్లింది, పాత ముందస్తు బెయిలు సెక్షను 438. ఒకే సంఖ్య రెండు చట్టాల్లో రెండు వేర్వేరు పనులకు ఉండటంతో ఏఐ రాసిన పిటిషనులో శీర్షిక ఒకటి, ప్రార్థన మరొకటి అయ్యే ప్రమాదం ఉంది. నేరం ఆ తేదీకి ముందు జరిగినదైతే పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) సెక్షన్లే వర్తిస్తాయి, పెండింగు కార్యకలాపాలకు బీఎన్‌ఎస్‌ఎస్ 531 చూడాలి. సెక్షను సంఖ్య ఏదైనా సరే, బేర్ యాక్టు (చట్టం మూలపాఠం) తెరిచి చదవకుండా కోర్టు కాగితం మీదికి రానివ్వవద్దు.

వాదన తయారీలో ఒక మంచి ఉపయోగం

డ్రాఫ్టు రాయించుకోవడం కంటే, మీరు రాసిన డ్రాఫ్టును పరీక్షించుకోవడానికి ఏఐ ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. మీ రిటన్ స్టేట్‌మెంటు ఇచ్చి, "ఎదుటి పక్షం న్యాయవాదిగా దీన్ని చదివి, ఏ పేరాలో ఒప్పుదల దొర్లిందో, ప్లైంటులోని ఏ ఆరోపణకు నిర్దిష్టమైన తిరస్కారం లేదో చూపండి" అని అడగండి. నిర్దిష్టంగా తిరస్కరించని ఆరోపణను ఒప్పుకున్నట్టే భావించవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 8వ ఆర్డరు 5వ రూలు చెబుతున్నప్పుడు, 40 పేరాల ప్లైంటులో ఒక్క పేరా జవాబు లేకుండా మిగిలిపోవడం కక్షిదారుకు ఎంత నష్టమో చెప్పనక్కర లేదు. ఈ పనిలో ఏఐ తప్పు చేసినా మీకు పోయేది కొద్ది నిమిషాలే.

ఆడియో, ఫొటోల దగ్గర ఆగండి

కక్షిదారు వాట్సాప్‌లో వచ్చిన ఆడియో తెచ్చి రాతలో పెట్టించమని అడిగినప్పుడు ఏఐ సాయంతో రాయించుకోవచ్చు, కాని కోర్టుకు వెళ్లవలసినది అసలు ఫైలు, దానితో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంకేతంతో) కూడిన సర్టిఫికెట్టు. మసకగా ఉన్న ఫొటోను లేదా సీసీ కెమెరా దృశ్యాన్ని ఏఐతో స్పష్టం చేయించి దాఖలు చేయడం ఏ పరిస్థితిలోనూ పనికిరాదు. ఆ సాధనం లేని గీతలను, లేని ముఖ కవళికలను తానే పూరిస్తుంది, ఫైలు హ్యాష్ మారిపోతుంది, అసలు సాక్ష్యానికే అనుమానం తగులుతుంది. అసలు ఫోనును, అసలు ఫైలును కదపకుండా భద్రపరచమని కక్షిదారుకు మొదటి రోజే చెప్పండి.

ఫైలులో రాసి పెట్టుకోవలసినవి

కేరళ హైకోర్టు 2025 జూలైలో జిల్లా న్యాయవ్యవస్థకు ఏఐ వాడకం మీద ఒక విధానాన్ని ప్రకటించింది. తీర్పులు, ఉత్తర్వులు, నిర్ణయాలు చేయడానికి ఏఐని వాడకూడదనీ, అనువాదాలను అర్హత ఉన్న అనువాదకులు గాని న్యాయమూర్తులు గాని సరిచూడాలనీ, వాడిన ప్రతిసారీ రికార్డు ఉంచాలనీ అది చెబుతోంది. అది న్యాయమూర్తులకు, కోర్టు సిబ్బందికి ఉద్దేశించినది, న్యాయవాదులను బంధించదు. అయినా రికార్డు ఉంచే అలవాటును మన ఆఫీసులు కూడా తీసుకోవాలని గట్టిగా కోరుతున్నాను. ప్రతి కేసు ఫైలు లోపలి అట్ట మీద ఒక చీటీ అంటించి, ఏ కాగితం ఏ సేవకు ఇచ్చారో, ఏ పని చేయించారో, ఎవరు సరిచూశారో, ఏ తేదీనో రాసి సరిచూసినవారు సంతకం పెట్టాలి. ఉదహరించిన ప్రతి తీర్పుకూ ఎదురుగా "మూలం చదివాను, పేరా ఇది" అని జూనియరు రాయాలి. సీనియరు వాదనకు లేచే ముందు ఆ చీటీ చూస్తే చాలు.

కక్షిదారుకు కూడా చెప్పండి. అతని కాగితాలు బయటి సేవకు వెళ్తున్నాయంటే అతని సమ్మతి కావాలి, దాన్ని వకాల్తా తీసుకునే రోజునే అతనికి అర్థమయ్యే తెలుగులో రాయించి సంతకం చేయించుకోండి. వద్దన్న కక్షిదారు కట్టను ఏఐ జోలికి పోనివ్వకుండా విడిగా పెట్టండి. ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా తప్పుడు సైటేషను ఒకటి దాఖలైపోయిందని తెలిస్తే, తర్వాతి వాయిదా దాకా ఆగకుండా ఆ పేరాను ఉపసంహరించుకుంటూ మెమో వేసి, ఎదుటి న్యాయవాదికి ఒక ప్రతి ఇవ్వండి.